బ్యాగులో అన్నీ ఉన్నాయి, నాన్న చెప్పులు తప్ప

బీచ్‌కి వెళ్తుంటే ఏమేం సర్దుకోవాలి? పోయిన ఏప్రిల్‌కి ముందు ఈ ప్రశ్న నన్నడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. సన్‌స్క్రీన్, టోపీలు, కూలింగ్ గ్లాసెస్, పవర్ బ్యాంక్, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ పౌచ్... ఆఫీసులో రోజంతా ఎక్సెల్ షీట్లతో బతికేదాన్ని కదా, ఇంట్లో ట్రిప్ అన్నా షీట్ తెరిచేది నేనే. ఆ ట్రిప్‌కి రాసిన లిస్ట్‌లో 46 వస్తువులున్నాయి. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అన్నయ్య దండం ఎమోజీ పెట్టాడు. వదిన 'సూపర్' అంది. నాన్న ఎప్పట్లాగే చూసి ఊరుకున్నాడు.

మేం మొత్తం ఏడుగురం. అమ్మ, నాన్న, అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరు, నేను. పెద్దోడికి ఎనిమిదేళ్లు, చిన్నదానికి మూడున్నర. నాన్నకి ఖమ్మంలో కిరాణా కొట్టు. ముప్పై ఏళ్లలో వరసగా రెండు రోజులు షట్టర్ దించింది రెండేసార్లు. ఒకటి నాయనమ్మ పోయినప్పుడు, రెండోది అన్నయ్య పెళ్లికి. అలాంటి మనిషి 'సరే, మూడ్రోజులు మూసేద్దాం' అన్నాడంటే మాకు పండగే. నేను గోవా అన్నాను. 'అంత దూరం దేనికమ్మా, సముద్రం ఎక్కడైనా ఉప్పగానే ఉంటుంది' అన్నాడు. అలా బాపట్ల దగ్గరి సూర్యలంక ఖాయమైంది. బీచ్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఓ రిసార్ట్, రెండు గదులు, రెండు రాత్రులు.

అమ్మ నా లిస్ట్ చూసి 'బానే ఉంది' అంటూనే తన సంచి తను సర్దుకుంది. ఓ పాత కాటన్ చీర, బట్టలారేసే తాడు, పిన్నీసుల గుత్తి, కొబ్బరినూనె సీసా, నిమ్మకాయలు, ఓ పొట్లంలో ఉప్పు, ఇంకో పొట్లంలో చక్కెర, డబ్బా నిండా చేగోడీలు. 'రిసార్ట్‌కి వెళ్తున్నామా, తీర్థయాత్రకా?' అని నవ్వాను. తర్వాత ఆ సంచిలో ఏదెక్కడ పనికొచ్చిందో చెప్తాను.

తెల్లవారుజామున బయల్దేరాం. విజయవాడలో ఇడ్లీ, పునుగులు. అక్కడి నుంచి గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల. ఇక్కడి భావనారాయణస్వామి గుడి చాలా పాతది, ఊరికి ఆ పేరు కూడా స్వామి పేరు మీదే వచ్చిందంటారు. వ్యవసాయ కాలేజీ 1945 నుంచీ ఉంది. జిల్లా కేంద్రం అయింది మాత్రం 2022లోనే. ఊరు దాటాక సముద్రానికి 9 కిలోమీటర్లు. నేల ఇసకగా మారిపోతుంది, సరుగుడు తోటలు మొదలవుతాయి, ఏసీ ఆపి అద్దాలు దించితే గాలిలో తేమ ముఖానికి తగులుతుంది. పిల్లలు 'వచ్చేసిందా, వచ్చేసిందా' అని ప్రాణం తీశారు.

నాన్నకి సముద్రం చూడటం జీవితంలో అది రెండోసారి. పెళ్లయిన కొత్తలో అన్నవరం వెళ్లి, అక్కడి నుంచి విశాఖ వెళ్లారట. ఇసకలో నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏదో గొప్ప మాట అంటాడేమో, రీల్‌లో పెట్టుకుందామని నేను ఫోన్ పట్టుకుని రెడీగా ఉన్నాను. చివరికి నా వైపు తిరిగి, 'ఆ బోండాలు ఇక్కడ దొరికేవేనా, బయట నుంచి తెస్తారా? లోడ్ ఎంతకి పడుతుందో' అన్నాడు. ముప్పై ఏళ్ల కొట్టు మనిషి మరి.

మొదటి రోజంతా బ్రహ్మాండంగా గడిచింది. అమ్మ సంచి మహిమ కూడా అప్పుడే మొదలైంది. నీళ్లలోకి దిగేముందు అమ్మ పుస్తెల తాడుని జాకెట్‌కి రెండు చోట్ల పిన్నీసులతో గుచ్చేసింది. వదినకీ గుచ్చింది. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయని అందరి చేతివీ తీయించి గదిలో పెట్టించింది. పాత చీర అయితే ఆ మూడ్రోజులూ ఎన్ని అవతారాలెత్తిందో! పిల్లలకి బట్టలు మార్చేటప్పుడు తెర, కూర్చోవడానికి పట్టా, తిరుగు ప్రయాణంలో కాలిపోతున్న కారు సీటు మీద దుప్పటి. కాటన్ కాబట్టి అరగంటలో ఆరిపోయేది. నేను తెచ్చిన లావుపాటి బీచ్ టవళ్లు రెండో రోజుకీ ఆరక వాసన పట్టాయి. బాల్కనీలో తాడు కట్టకపోతే ఏడుగురి తడిబట్టలు ఎక్కడ వేసేవాళ్లమో తెలీదు.

మా లిస్ట్ మొదటి దెబ్బ తిన్నది రిసార్ట్ పూల్ దగ్గర. 'నైలాన్ దుస్తులు ఉంటేనే అనుమతి' అని బోర్డు. కాటన్ బట్టల నూలు పోగులు ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి కాబట్టి చాలా పూల్స్‌లో ఇదే నియమం. వదిన చుడీదార్‌తో, అమ్మ చీరతో గట్టు మీదే ఉండిపోయారు. మగవాళ్లకీ పిల్లలకీ ఈత బట్టలు రాసుకున్నదాన్ని, ఆడవాళ్లకి రాయలేదు. ఆడపిల్లని అయ్యుండి! మోకాళ్ల కింద దాకా, చేతులు మూసేలా ఉండే స్విమ్ సూట్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. 'మా అమ్మ వేసుకోదులే' అని మీరే తీర్మానించకండి. అడిగి చూడండి.

ఇక రెండో రోజు.

పొద్దున్నే ఆరింటికి అందరం సూర్యోదయం చూశాం. తూర్పు తీరం అదృష్టం అదే, సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. తొమ్మిదింటికి గదికి వచ్చి టిఫిన్ చేశాం. అక్కడితో ఆగిపోవాల్సింది. పిల్లలు ఊరుకోలేదు, మేమూ కాదనలేకపోయాం. పదకొండున్నరకి మళ్లీ వెళ్లాం.

నీళ్ల దగ్గర తడి ఇసక చల్లగానే ఉంటుంది, ఏమీ తెలీదు. కొట్లు ఉండే పైభాగంలో పొడి ఇసక సంగతి వేరు. ఎండాకాలం మధ్యాహ్నం అది 50 డిగ్రీలు దాటడం మామూలే. నాన్న వేసుకొచ్చింది రోజూ కొట్లో వేసుకునే హవాయి చెప్పులు. తడి ఇసకలో రెండుసార్లు జారిపోయాయి. 'ఇవి నాతో రావులే' అని మా సామాన్ల దగ్గర విడిచేశాడు. కాసేపటికి పిల్లలకి దాహం. బోండాలు తాగుదామని పైకి నడిచాం. నాలుగడుగులు వేశామో లేదో చిన్నది 'కాల్తోంది కాల్తోంది' అని ఏడుపు. అన్నయ్య దాన్ని ఎత్తుకుని పరిగెత్తాడు. పెద్దోడు గెంతుతుంటే నా చెప్పులు వాడికిచ్చి, నేను టవల్ మీద టవల్ పరుచుకుంటూ గంతులేశాను. వదిన అదంతా వీడియో తీసింది. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. అందులో వెనకాల నాన్న కనిపిస్తాడు. గెంతడు, తొందరపడడు. ఉత్త కాళ్లతో, వీధిలో నడిచినట్టు మామూలుగా నడుచుకుంటూ కొట్టు దగ్గరికి వెళ్తాడు. ఏడు బోండాలు బేరమాడి, కొట్టించి, ఒక్కొక్కటీ మా చేతికందించేదాకా ఆ ఇసకలోనే నిలబడ్డాడు.

మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. పైగా నేను 'తాతయ్యని చూడరా, ఎంత స్ట్రాంగో!' అన్నాను పెద్దోడితో.

సాయంత్రం నాలుగింటికి గదిలో చిన్నది నన్ను పిలిచింది. 'అత్తా, తాతయ్య కాలికి నీళ్లొస్తున్నాయ్.' తెల్లటి టైల్స్ మీద బాత్రూమ్ నుంచి మంచం దాకా ఒక పాదం గుర్తులే తడిగా ఉన్నాయి. నాన్న స్నానం చేసి అప్పటికే గంటైంది. కుడికాలు ఎత్తి చూస్తే మడమ ముందు భాగంలో, బొటనవేలి కింద పెద్ద బొబ్బలు. ఒకటి పగిలి తోలు ఊడింది. ఎడమకాలికి ఇంకో రెండు. 'ఏం లేదులేమ్మా. నొప్పేం లేదు' అన్నాడు. నిజంగానే ఆయన ముఖంలో నొప్పి లేదు.

నాన్నకి 14 ఏళ్లుగా షుగర్.

అమ్మ పసుపు కోసం, వదిన టూత్‌పేస్ట్ కోసం పరిగెత్తారు. ఆ రెండూ పెట్టకూడదని మాత్రం నాకు తెలుసు, ఆపాను. కాలిన వెంటనే అయితే మామూలు కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. మాకు తెలిసేసరికే నాలుగు గంటలు దాటిపోయింది. నా ఫస్ట్ ఎయిడ్ పౌచ్ తెరిచాను. కార్టూన్ బొమ్మల బ్యాండ్ ఎయిడ్లు, పారాసిటమాల్, వాంతుల మాత్రలు, దోమల క్రీమ్. అరికాలంత పుండుకి చుట్టడానికి గాజుగుడ్డ లేదు. 46 వస్తువులు! అమ్మ పాత చీరలో ఉతికి ఉన్న కొస చించి వదులుగా కట్టి, కారులో బాపట్ల తీసుకెళ్లాం.

అక్కడ డాక్టరుగారు శుభ్రం చేసి, పగలని బొబ్బల జోలికి వెళ్లకుండా కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత నాన్నని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు లాంటిదాన్ని పాదం మీద అక్కడక్కడా ఆనించారు. 'తగిలినప్పుడల్లా చెప్పండి' అన్నారు. ఆయన ఆనిస్తూనే ఉన్నారు. నాన్న ఒక్క మాటా అనకుండా కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పక్కన నిలబడి అది చూడటం నా వల్ల కాలేదు.

'నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా అండీ?' అని అడిగారు డాక్టరుగారు.

'అవునండీ. ఒక్కోసారి కొట్లోంచి ఒంటి చెప్పుతో ఇంటికి పోయిన రోజులు కూడా ఉన్నాయి' అన్నాడు నాన్న.

ఆ ఒంటి చెప్పు కథ మా ఇంట్లో పెద్ద జోకు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వామో. మతిమరుపు అనుకున్నాం. షుగర్ చాలా ఏళ్లుంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుందని, అప్పుడు వేడి తెలీదు, ముల్లు గుచ్చుకున్నా తెలీదు, చెప్పు జారినా తెలీదని డాక్టరుగారు చెప్పారు. పైగా గాయం త్వరగా మానదు. చీము పట్టి ముదిరితే వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. 'పాదాల పరీక్ష ఏడాదికోసారైనా చేయించాలమ్మా' అన్నారు నా వైపు చూసి. మేం మూణ్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించేవాళ్లం. ఆయన కాళ్లు మాత్రం ఎవరం చూడలేదు.

పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. ఖమ్మంలో రోజు విడిచి రోజు డ్రెస్సింగ్. నాన్న ఓ స్టూల్ మీద కాలు పెట్టుకుని కొట్లో కూర్చునేవాడు. వచ్చినవాళ్లంతా 'ఏమైంది శెట్టిగారూ' అని అడిగితే 'సముద్రం కరిచింది' అనేవాడు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆ రోజుల్లో ఓ రాత్రి నా పాత షీట్ తెరిచి చూశాను. నా పేరు ఎదురుగా 17 వరుసలు. నాన్న పేరు ఎదురుగా మూడు: షార్ట్స్ 2, టోపీ 1, మందులు.

ఇప్పుడు నేను బ్యాగు సర్దే పద్ధతి మారింది. వస్తువులతో కాకుండా మనుషులతో మొదలుపెడతాను. ఒక్కొక్కరినీ తలుచుకుని, కాళ్ల నుంచి పైకి వస్తాను.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే బీచ్‌కి హవాయి చెప్పులు వద్దు. వేళ్లు కప్పి, వెనక పట్టీ ఉండి, వెల్క్రోతో బిగించుకునే శాండిల్స్ కొనండి. వెళ్లేముందు రోజు కొనొద్దు. కొత్తవి ఒరుసుకుని అదో పుండవుతుంది, వారం ముందే కొని ఇంట్లో రోజూ కాసేపు వేయించండి. లోపల లేత రంగు కాటన్ సాక్సులుంటే మంచిది, చిన్న రక్తపు మరక పడినా కనిపిస్తుంది. నీళ్లలోకి కూడా వాటితోనే దిగాలి, గుల్లలూ గాజుపెంకులూ ఇసకలో కనపడవు. వేసుకునే ప్రతిసారీ లోపల చేత్తో తడిమి చూడాలి. గదికి రాగానే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. ఆ తర్వాతి పని మనది. పెద్దవాళ్లకి వంగి తమ అరికాలు చూసుకోవడం కష్టం. రోజూ రాత్రి ఫోన్‌తో రెండు పాదాలకీ ఓ ఫొటో తీయండి. ట్రిప్‌లో నాలుగు వందల ఫొటోలు తీస్తాం, అందులో రెండు ఇవి. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే పెన్ను కారు డ్యాష్‌బోర్డులో, ఎండలో ఉన్న బ్యాగులో వదలొద్దు. నేరుగా ఐస్ మీదా పెట్టొద్దు, గడ్డకడితే ఇక అది పనికిరాదు. చల్లటి నీళ్ల సీసా పక్కన పల్చటి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెడితే ప్రయాణానికి చాలు. రిసార్ట్ ఫ్రిజ్‌లో పెట్టినా ఐస్ గడ్డకట్టే అరకి దూరంగా, తలుపు అరలో పెట్టండి.

ఫస్ట్ ఎయిడ్‌లో గాజుగుడ్డ రోల్, స్టెరైల్ ప్యాడ్లు, పేపర్ టేప్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు చిటికెడు కాదు. మొదటి రోజు పెద్దోడు ఎండకి నీరసపడితే అమ్మ నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపి తాగించింది. నేను నవ్విన పొట్లాలు అవే!

సన్‌స్క్రీన్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలన్నది తప్ప. ఫోన్ పౌచ్ మాత్రం ఇంటి దగ్గరే బకెట్ నీళ్లలో పరీక్షించండి. లోపల ఫోన్ బదులు టిష్యూ పేపర్ పెట్టి అరగంట ముంచి ఉంచితే సంగతి తేలిపోతుంది. మా అన్నయ్య కారు రిమోట్ తాళం జేబులో పెట్టుకుని అలల్లోకి దిగాడు. ఆ కథ ఆయన చెప్పొద్దన్నాడు.

పిల్లల గాలి ట్యూబుల గురించి ఒక్క మాట. అవి పూల్‌లో ఆడుకోవడానికే. సముద్రంలో గాలి అటు వీస్తే ట్యూబుతో సహా లోపలికి తీసుకుపోతుంది. పిల్లలకి లైఫ్ జాకెట్ కొనండి, అది వేసినా చేతికందే దూరంలోనే మీరుండండి. సూర్యలంకలో లోతు తక్కువలా కనిపిస్తుంది కానీ బాపట్ల, చీరాల తీరంలో కొట్టుకుపోయిన కుర్రాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అలలు విరుగుతున్న చోటుకి మధ్యలో ఎక్కడైనా నీళ్లు ప్రశాంతంగా ఉన్నట్టుంటే అది మంచి చోటనుకోకండి, చాలాసార్లు నీళ్లు వెనక్కి లాగే దారి అదే. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకి ఈదాలి. అలలు ఎక్కువున్న రోజు పోలీసులు దిగొద్దంటే వాళ్లతో వాదించకండి.

మళ్లీ ఎప్పుడు వెళ్దామని ముందుగా అడిగింది ఎవరనుకున్నారు? నాన్నే. సంక్రాంతి సెలవుల్లో అదే సూర్యలంక, అదే రిసార్ట్. ఈసారి పొద్దున ఆరు నుంచి తొమ్మిది, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యలో గదిలో పేకాట, వేయించిన రొయ్యలు. 'సాక్సులేసుకుని సముద్రంలో దిగిన మొగోణ్ణి నేనొక్కణ్ణే' అని సణుగుతూనే దిగాడు. వదిన కొత్త స్విమ్ సూట్‌లో పూల్‌కి వెళ్లింది. అమ్మ ఒడ్డునే కూర్చుని మా అందరి ఉంగరాలు కొంగున ముడేసుకుంది.

చివరి రోజు పొద్దున గది గుమ్మం దగ్గర నాన్న శాండిల్ చేతిలోకి తీసుకుని లోపల తడుముతున్నాడు. వేళ్లకేదో తగిలినట్టుంది. బోర్లించి దులిపితే గోరంత గుల్ల కింద పడింది. మొనదేలి, సూదిలా ఉంది. నిన్న సాయంత్రమంతా ఆయన దాంతోనే తిరిగాడన్నమాట. నేను కంగారుగా కింద కూర్చుని సాక్సు విప్పి చూశాను. ఏమీ లేదు, సాక్సు ఆపింది. ఈలోగా చిన్నది ఆ గుల్ల తీసుకుని 'ఇది నాదే' అని జేబులో వేసుకుంది.